పత్రికకెక్కని పశువు



వైరాలో ఈ స్మారక సభ ఎవరి పేరున జరుగుతున్నదో ఆ పశువుల డాక్టరు గారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క పరిశోధన పత్రం కూడా అచ్చు వేయించలేదు. అలాంటి మనిషి జ్ఞాపకార్థం జరిగే సభలో పరిశోధన పత్రాల గురించీ, వాటి సైటేషన్ల గురించీ మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త మొహమాటపడ్డారు. నేను కావాలనే ఈ విషయం ఎంచుకున్నాను. పశువైద్య విజ్ఞానం ఎవరి చేతుల మీదుగా కాగితం మీదికి వస్తున్నది, వచ్చాక ఎవరి లెక్కలో పడుతున్నది అన్నది ఆచార్యుల ఇంటి వ్యవహారంగా మిగిలిపోయింది. మంద ఉన్నవాళ్ళకూ అందులో వాటా ఉందని నా అభిప్రాయం.

ఒకరు రాసిన పత్రాన్ని ఇంకొకరు తమ పత్రంలో ఆధారంగా పేర్కొంటే అది ఒక సైటేషన్. ఈ సైటేషన్ల లోకంలో అందరికంటే పైమెట్ల మీద ఉన్న కొద్దిమందిలో మన తెలుగువారొకరు ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగు చూసి కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన ఆ పత్రం ఇరవయ్యో శతాబ్దంలో అత్యధికంగా ఉదహరించిన పత్రాల్లో ఒకటి. మన బర్రెలకు దానితో నేరుగా సంబంధం ఉంది. ఈనిన రెండు మూడు వారాలకు బర్రె కాఫీ డికాక్షన్ రంగులో మూత్రం పోస్తే, రక్తంలో భాస్వరం పడిపోయిందని అనుమానించి నరానికి సోడియం ఆసిడ్ ఫాస్ఫేట్ ఎక్కిస్తాం. ఆ భాస్వరం ఎంత పడిందో తేల్చడానికి ప్రయోగశాలలు దశాబ్దాల పాటు వాడింది సుబ్బారావు గారి పద్ధతినో, దానికి చేసిన సవరణల్నో. ఇప్పుడు కొలత యంత్రం చేస్తుంది, రసాయనాలు డబ్బాలో సిద్ధంగా వస్తాయి. 1925 నాటి పత్రాన్ని తలచుకునేవాళ్ళు తగ్గిపోయారు. అందరి సొత్తయిన విద్యకు సైటేషన్లు ఆగిపోతాయి. ఉపయోగం మాత్రం ఆగదు.

సైటేషన్లు లెక్కపెట్టే పని మొదట గ్రంథాలయాల కోసం పుట్టింది. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైన్స్ పత్రికలో ఆ ఆలోచన బయటపెట్టాడు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే పెద్ద గణితమేమీ లేదు. గడచిన రెండేళ్ళలో ఒక పత్రిక 100 పత్రాలు వేసిందనుకోండి. ఈ ఏడాది వాటిని 200 సార్లు ఉదహరించారనుకోండి. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2. ఏ పత్రికకు చందా కట్టాలో గ్రంథాలయాధికారి తేల్చుకోవడానికి పనికొచ్చే అంకె ఇది. కాలక్రమంలో మనిషికి ఉద్యోగం ఇవ్వాలా, ప్రమోషన్ ఇవ్వాలా అన్నది తేల్చే అంకె అయి కూర్చుంది.

ఈ కొలబద్ద పశువైద్యానికి మొదటి నుంచీ పొట్టిదే. న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2023లో తొంభై దాటింది. 1888 నుంచి వస్తున్న వెటర్నరీ రికార్డ్ వంటి పత్రికకు అది రెండు దగ్గర తచ్చాడుతుంది. పశువైద్యం తక్కువ రకం విద్య అయి కాదు. రాసేవాళ్ళు కొద్దిమంది. చదివి వాడుకునే వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ రాయరు. తల్లాడ పశువుల ఆస్పత్రిలో డాక్టరు ఒక పత్రం చదివి వంద గొర్రెలను బతికించినా ఆ పత్రానికి ఒక్క సైటేషన్ కూడా చేరదు. పైగా మన రంగంలో పత్రాలు మెల్లగా పాకుతాయి. జలగ రోగం మీదో, పేను పురుగుల మీదో వచ్చిన పని పదేళ్ళ తర్వాత అవసరపడుతుంది. రెండేళ్ళ కిటికీలోంచి చూసేవాడికి అది కనపడదు. బాగా పేలిన పశువైద్య పరిశోధన అసలు పశువైద్య పత్రికల్లోకే రాదు. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని తేల్చిన పత్రం 2004లో నేచర్‌లో వచ్చింది. రెండేళ్ళు దాటగానే, 2006లో, మన దేశం పశువులకు ఆ మందు నిషేధించింది. ఆ కీర్తి నేచర్ ఖాతాలో పడింది.

మన దేశంలో దీనికి ఇంకో తొడుగు వేశారు. జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ పత్రికలకు మార్కులు వేస్తుంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న పత్రికకు ఆరు మార్కుల మీద ఆ అంకె కలుపుతారు. లేని పత్రిక ఆరు దాటదు. మద్రాసు నుంచి 1924లో మొదలై నూరేళ్ళు నిండిన ఇండియన్ వెటర్నరీ జర్నల్ లాంటి పత్రికల్లో రాయాలా వద్దా అని యువ అధ్యాపకుడు ఈ మార్కులు చూసుకుని తేల్చుకుంటాడు. అతన్ని నేను తప్పుపట్టను, ఇల్లు గడవాలి కదా. కానీ అదే అధ్యాపకుడు అన్నదాత లాంటి రైతు పత్రికలో రాస్తే, కొత్తగూడెం ఆకాశవాణిలో పది నిమిషాలు మాట్లాడితే వచ్చే మార్కులు సున్న. ఖమ్మం జిల్లా రైతు వినేది, చదివేది అక్కడే.

ఇప్పుడు మన గడ్డ మీది ఒక కథ చెబుతాను. ఫ్లోరైడ్ పేరెత్తితే అందరికీ నల్లగొండ గుర్తొస్తుంది. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి పత్రంగా అందరూ పేర్కొనేది 1937లో షార్ట్, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా నుంచి రాసినదాన్ని. అంతకు మూడేళ్ళు ముందే, 1934లో, హైదరాబాద్ రాష్ట్రంలో కొన్నిచోట్ల పశువులకు ఇలాంటి జబ్బు ఉందని మహాజన్ అనే అధికారి నమోదు చేశారు. నెల్లూరు వైపు కూడా ముందుగా రైతుల కంటపడింది కీళ్ళు పట్టేసి నాగలి లాగలేకపోయిన కాడెద్దులేనని చెబుతారు. అంటే వరసలో ఎద్దు ముందు, మనిషి తర్వాత. మహాజన్ మాట అచ్చయింది పశువ్యాధుల పరిశోధనాధికారి వార్షిక నివేదికలో. అది శాస్త్ర పత్రిక కాదు. ప్రభుత్వ కాగితం.

ఆ నివేదిక గతి ఏమయిందో చూడండి. ఫ్లోరోసిస్ మీద వచ్చే సమీక్షా వ్యాసాల్లో హైదరాబాద్ రాష్ట్రపు పశువుల గురించి ఒక్క వాక్యం ఉంటుంది. దాదాపు ప్రతి వ్యాసంలోనూ అదే వాక్యం, అవే మాటలు. నివేదికను తెరిచి చూసి రాసిన వాక్యం కాదది. ముందువాడు రాసింది చూసి వెనకవాడు ఎత్తి రాసుకున్నది. సైటేషన్ల లెక్కలో మహాజన్‌కు ఇన్ని వచ్చాయని ఎవరైనా కూడినా, ఆ కూడిక చదువరుల లెక్క కాదు, నకళ్ళ లెక్క. ఆ నివేదికలో ఏ తాలూకా, ఏ బావి, ఎన్ని ఎద్దులు అన్న వివరాలుంటే అవి ఇవాళ బంగారం. నాకు ఈ కథలో బాధ కలిగించేది షార్ట్‌కు పేరు రావడం కాదు. పశువు ముందుగా ఇచ్చిన హెచ్చరిక దస్త్రంలో పడుకుంది. పత్రికలో పడి ఉంటే వైద్యుల కంట ముందే పడేదేమో.

పత్రికలో పడటం ఎంత పని చేస్తుందో చెప్పడానికి కోళ్ళ కొక్కెర తెగులు చాలు. 1920ల్లో ఆ తెగులు జావాలో, ఇంగ్లండులో, మన కుమావూ కొండల్లో దాదాపు ఒకే కాలంలో చెలరేగింది. డాయిల్ 1927లో న్యూకాజిల్ ఊరి కోళ్ళను వర్ణించి పత్రం వేశాడు. ముక్తేశ్వర్‌లో ఉన్న ఎడ్వర్డ్స్ తాను చూసినదానికి రాణీఖేత్ పేరు పెట్టాడు. ప్రపంచం న్యూకాజిల్ అంటుంది, మన ఆస్పత్రుల్లో రాణీఖేత్ అంటాం. ఆ రెండు ఊళ్ళ పేర్లూ శాస్త్రంలో నిలిచాయి. భద్రాచలం ఏజెన్సీలో పెరటి కోళ్ళు ఏటా దీనికే చస్తాయి. ఇక్కడి ఏ ఊరి పేరూ ఆ సాహిత్యంలోకి ఎక్కలేదు.

ఇంకో వింత ఉంది. పశువుల ప్లేగును ప్రపంచం 2011లో భూమ్మీద లేకుండా చేసినట్టు ప్రకటించింది. మన దేశంలో చివరి కేసులు 1995 నాటివి. కెన్యాలో వాల్టర్ ప్లోరైట్ తయారుచేసిన టీకా ఆ విజయానికి వెన్నెముక. రోగమే పోయాక దాని మీద కొత్తగా రాసేవాళ్ళు తగ్గుతారు, సైటేషన్లూ తగ్గుతాయి. పూర్తిగా గెలిచిన పరిశోధనకు లెక్కల్లో శిక్ష పడుతుందన్నమాట! ఆ ప్లేగు నీడలో దాక్కున్న పారుడు వ్యాధిని 1987లో తమిళనాడు గొర్రెల్లో పట్టుకున్నారు. దాన్ని ప్రకటించింది 1989లో వెటర్నరీ రికార్డ్‌లో వచ్చిన చిన్న నోటు. ఇవాళ మన దేశంలో పారుడు మీద ఎవరు కలం పట్టినా ఆ నోటు దగ్గరే మొదలుపెడతారు. ఊరి మంద, సమయానికి తీసిన నమూనా, దాన్ని పరీక్షించగల ప్రయోగశాల, నాలుగు పేరాల రాత. అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

ఏ జంతువు మీద ఎక్కువ రాస్తున్నారన్నది కూడా చూడాలి. అమెరికా, ఐరోపా పత్రికల నిండా కుక్కలు, గుర్రాలు. డబ్బున్నచోట రోగికి శాస్త్రం దొరుకుతుంది. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో దాదాపు 11 కోట్ల బర్రెలున్నాయి. బఫెలో బులెటిన్ మాత్రం థాయిలాండులోని కసెత్సార్త్ విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది. మన ఒంగోలు గిత్త బ్రెజిల్ వెళ్ళి నెలోర్ అయింది. ఆ జాతి మీద పత్రాల వరద అక్కడిదే. అదే గణనలో 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017 నుంచి ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చి గొల్ల కురుమలకు పంచింది. ఇన్ని మందలు ఇన్ని వందల కిలోమీటర్లు ఒక్కసారిగా కదలడం శాస్త్రవేత్తకు మళ్ళీ దొరకని అవకాశం. ఏ సంతలో కొన్న మందకు ఏ నెలలో నీలినాలుక వచ్చింది, చిటుక రోగం ఎక్కడ ఎక్కువ పడింది అన్నవి ఆస్పత్రి రిజిస్టర్లలో ఉండి తీరాలి. అవి పశువైద్య విశ్వవిద్యాలయం మెట్లెక్కాలి.

పత్రం కావాలన్న ఒత్తిడి పెరిగినచోట పత్రం అమ్మే దుకాణం తెరుచుకుంటుంది. ఈ వ్యాపారంలో హైదరాబాదు ప్రపంచ ప్రసిద్ధి పొందింది, గర్వపడే రకం ప్రసిద్ధి కాదు. అక్కడి ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సరైన సమీక్ష లేకుండానే పత్రాలు వేసుకుంటున్నారనీ, కట్టాల్సిన రుసుము ముందుగా చెప్పడం లేదనీ ఆరోపణ. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు చెప్పింది. మన యూజీసీ 2018లో ఒక్క దెబ్బకు 4,305 పత్రికలను తన జాబితా నుంచి తీసేసింది. పిహెచ్‌డీకి ముందే పత్రం అచ్చవ్వాలన్న నిబంధనను 2022లో ఎత్తేశారు. మంచిపనే. పశువైద్యంలో దొంగ పత్రానికి ఖరీదు ఎక్కువ. తప్పుడు మోతాదు అచ్చయితే దాన్ని నమ్మి సూది వేసేవాడు ఊళ్ళో ఉంటాడు, చచ్చేది పేదవాడి మేక.

ఇక వైరా మాట. ఇక్కడ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, 1946లో మొదలైన పశువైద్య కళాశాల రాజేంద్రనగర్‌లో ఉంది, 1962 నంబరుకు ఫోన్ చేస్తే బండి వస్తుంది. ఇటు భద్రాచలం దాటితే మోటు, కుంట మీదుగా ఒడిశా, ఛత్తీస్‌గఢ్. సంతకు వచ్చే ఎద్దు రాష్ట్రాల హద్దులు చూసుకుని రాదు. 2014లో ఇక్కడి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళడంతో ఒకే అడవి అంచున మేసే మందల రికార్డులు రెండు ప్రభుత్వాల బీరువాల్లోకి చీలిపోయాయి. లంపీ స్కిన్ మన దేశంలో తొలిసారి బయటపడింది 2019 ఆగస్టులో ఒడిశాలో. అక్కడ నమూనాలు తీసి, జన్యు పరీక్ష చేసి రాసిన పత్రం మరుసటి ఏడాదే వచ్చింది. ఆ ఏడాదే జబ్బు తెలంగాణకూ వచ్చింది. లంపీ మీద మన దేశంలో ఎవరు రాసినా ఇప్పుడు ఆ ఒడిశా పత్రం తలుచుకోక తప్పదు. అడవికి అటువైపు చేయగలిగింది ఇటువైపు చేయలేకపోవడానికి కారణం నాకు కనపడదు.

నేను అడిగేది చిన్న పని. ప్రతి ఆస్పత్రి ఔట్‌పేషంట్ రిజిస్టరులో ఊరు, తేదీ, మందలో ఎన్ని ఉన్నాయి, ఎన్ని జబ్బుపడ్డాయి, ఎన్ని చచ్చాయి, ఎక్కడ కొన్నారు అన్న గడులు తప్పనిసరిగా నింపండి. విశ్వవిద్యాలయం ఏటా ఒక అధ్యాపకుణ్ణి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల రిజిస్టర్లు చదివే పనికే పెట్టాలి. చదివినదాన్ని ముందు తెలుగులో వేసి ఆ ఊళ్ళకు పంపాలి, తర్వాత ఇంగ్లీషులో ఎవరైనా ఉచితంగా చదువుకోగల పత్రికలో వేయాలి. మొదటి నమూనా తీసిన డాక్టరు రచయితల వరసలో ఉండాలి, కృతజ్ఞతల పేరాలో కాదు. మందను చూపించిన గొల్లాయన పేరు ఆయన ఒప్పుకుంటే కృతజ్ఞతల్లో వేయాలి. ప్రమోషన్ కమిటీలో కూర్చునే పెద్దలు ఇక్కడా ఉన్నారు. ఆ తెలుగు నివేదికకు కనీసం ఒక్క మార్కు వేయడం మీ చేతిలో పనే. ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

డాక్టరు గారి పాత రిజిస్టర్లు ఇంకా పెట్టెలో ఉన్నాయని కుటుంబ సభ్యులు చెప్పారు. మొదటి అధ్యాపకుడు వాటితోనే మొదలుపెట్టవచ్చు. ఇక ప్రశ్నలకు సమయం ఉంది. ముందు గొర్రెలు కాసేవాళ్ళు అడగండి, మా ఆచార్యులు తర్వాత అడుగుతారు.