ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఎంత దూరం, ఎన్ని గంటలు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. "అబ్బాయి ఎంత దూరంలో ఉంటాడు?" అని అడిగితే "పదిహేను గంటలు" అంటాం. దూరం అడిగితే కాలం చెబుతావేంరా అని మన సోషల్ మాస్టారు చెవి మెలిపెట్టేవారు. ఇంజనీరుగా నేను మాత్రం ఆ జవాబుకే మార్కులు వేస్తాను.

ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోలనే తీసుకోండి. గ్లోబు మీద రెండింటి మధ్య దారం బిగించి పట్టుకుంటే అది సైబీరియా దాటి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. సుమారు 12,400 కిలోమీటర్లు. ఇంతకంటే దగ్గర దారి లేదు. 2015 డిసెంబరులో ఎయిరిండియా ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు విమానం అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 అయింది. ప్రయాణం మాత్రం రెండు గంటలదాకా తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది!

భాగించి చూడండి, గంటకు 1,055 కిలోమీటర్లు వస్తుంది. విమానం తనంతట తాను పోయేది 900కి కాస్త అటూ ఇటూ. మిగతాది గాలి పెట్టిన భిక్ష. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అది, చలికాలంలో మరీ ఉధృతం. వరద గోదావరిలో పడవ దిగువకు పోవడానికీ, ఎగువకు రావడానికీ ఉన్న తేడాయే ఇక్కడా.

ఇక గడియారం సంగతి. చలికాలంలో కాలిఫోర్నియా మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. అంటే ఇక్కడ ఎక్కిన గంటకే, అదే తేదీన అక్కడ దిగినట్టు లెక్క.

మా నాన్నగారు పోయినప్పుడు శాన్‌హోజేలో ఉన్న తమ్ముడు ఇల్లు చేరడానికి 34 గంటలు పట్టింది. అందులో గాలిలో ఉన్నది ఇరవయ్యే. తక్కినదంతా మధ్యలో విమానం కోసం కాచుకోవడం, హైదరాబాద్ నుంచి కారులో రావడం. "ఇంకా ఎంతసేపు ఉంచుతాం?" అని పెద్దవాళ్లు అడుగుతుంటే, వాడి విమానం ఎక్కడుందో ఫోనులో చూసి చెబుతూ ఫ్రీజరు బాక్సు పక్కన కూర్చున్నాను. వాడు వచ్చాకే తీసుకెళ్లాం.

అందుకే టికెట్ కొనేటప్పుడు ఇంటి గడప నుంచి గడపకు ఎన్ని గంటలో లెక్క వేయండి. ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లకు నాలుగు డబ్బులు ఎక్కువైనా ఆగకుండా వెళ్లే విమానమే మేలు. వీల్‌చెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పండి, మొహమాటం వద్దు. ఇంకొకటి, అక్కడ పుట్టిన మనవలకు అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది. ఓసీఐ కార్డో మన వీసానో లేకపోతే విమానం ఎక్కనివ్వరు. తీయించారో లేదో ఈ సాయంత్రమే ఫోను చేసి అడగండి. అక్కడ ఇప్పుడే తెల్లవారుతూ ఉంటుంది.