పరీక్ష భయం – హిప్నాటిజం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



మా మనవడికి పరీక్ష పేపరు చేతిలో పడగానే ఒళ్లు చల్లబడిపోయేది. చదివిన సాంఘికం కూడా గుర్తుండేది కాదు. హిప్నాటిజంతో మార్కులొస్తాయని ఎవరో చెబితే, పెన్షన్ డబ్బు పట్టుకుని విజయనగరంలో ఒకాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కళ్లు మూయించి, ఊపిరి నెమ్మదిగా తీయించి, నాలుగు ధైర్యపు మాటలు చెప్పారు. ఆసారి సాంఘికం బాగానే రాశాడు. లెక్కలు మాత్రం పోయాయి. అడిగితే, "తాతా, బీజగణితం నాకు మొదట్నుంచీ అర్థం కాలేదు" అన్నాడు. అంతవరకు మేమెవరం అడగలేదు మరి!

1840ల్లో జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు గ్రీకులో నిద్ర అనే మాట నుంచి ఈ పేరు వాడుకలోకి తెచ్చాడు గానీ, ఇది నిద్ర కాదు. మనసు ఒకచోట నిలపడం. భయం తగ్గవచ్చు. చదవనిది రాదు. పైగా ఆ స్థితిలో తప్పుగా గుర్తొచ్చినదాన్నీ నిజమని గట్టిగా నమ్మే ప్రమాదముంది. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాంగారు వేదికపై హిప్నాటిజం చూపినవారే. విద్యార్థులకు మాత్రం వ్యక్తిత్వ వికాస పాఠాలు చెప్పారు.

భయం మరీ ఎక్కువైతే మానసిక వైద్యులకు చూపించండి. మావాడూ నేనూ ఇప్పుడు ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం మొదటినుంచి చేస్తున్నాం. నాకే ఎక్కువ తప్పులొస్తున్నాయి.