మట్టి ఇటుకకు నీరు: ఎప్పుడు, ఎంత?
(ప్రసంగ పాఠము)



తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలో కలియుట మనమెరిగినదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు ఆ నీరు కొల్లేటి పల్లెలను చుట్టుముట్టినది. ఇట్టి సీమలో ఇల్లు కట్టుకొనువారు ఇటుక ఎండలో ఎంత గట్టిగా నున్నదని కాక, నానిన పిదప ఎంత బలము మిగులునని చూడవలెను. నానిన మట్టి ఇటుక బలము తరచు సగమునకు తగ్గును.

యంత్రముతో అదిమి చేయు మట్టి ఇటుకను కాల్చ నక్కరలేదు. వంటచెరకు, ఊక మిగులును. కాని నీటి లెక్క తప్పినచో యంత్రమెంత మంచిదైనను ఫలము లేదు.

ముందుగా మన్ను. కొల్లేటి నల్లమట్టి నీటికి ఉబ్బి, ఎండకు బీటలు వారును. ఇసుక పాలు గల మెట్ట ఎర్రమట్టి మేలు. అందు నూటికి అయిదు మొదలు పది పాళ్లు సిమెంటు కలుపవలెను. బంక హెచ్చుగా నున్న మట్టికి సున్నము ఉపకరించును.

ఇక నీరు. చాలనిచో మట్టి సరిగా అదుమబడక అంచులు రాలును. ఎక్కువైనచో ఆరిన పిదప లోన గుల్లయగును. కలిపిన మట్టిని పిడికిట బిగించి ఉండ చేసి, రొమ్మెత్తు నుండి గట్టి నేలపై విడువుడు. పొడిపొడిగా చెదిరినచో నీరు చాలలేదు. ముద్దగా అణగినచో మించినది. నాలుగైదు పెళ్లలైనచో సరిపోయినది. సిమెంటు కలిపిన మట్టిని గంటలోపల వాడవలెను.

“బాగుగా ఎండనిండు, గట్టిపడును” అను మాట మేము గ్రామములలో తరచు వినుచున్నాము. పచ్చి ఇటుకకు అది చెల్లును. సిమెంటు మాత్రము నీటితో కూడియే గట్టిపడును. ఎండకు ఆ నీరు ఎగిరిపోయినచో సిమెంటునకు పెట్టిన సొమ్ము మట్టిపాలగును. కావున ఇటుకలను నీడలో పేర్చి, వరిగడ్డియో గోనెలో కప్పి, మరునాటి నుండి దినమునకు రెండు మూడు మార్లు నీరు చిలుకరించుచు మూడు వారములు తడి ఆరనీయరాదు. సున్నపుటిటుకకు ఇంకను ఎక్కువ దినములు కావలెను. పిమ్మట నీడలోనే ఆరనిచ్చి గోడకు వాడవలెను.

గోడ లేపుటకు ముందు రెండు ఇటుకలను ఒక రాత్రి నీట నానవేయుడు. తెల్లవారుసరికి అంచులు మెత్తబడినచో ఆ వరుస ఇటుకలను గోడకు వాడవలదు. నిలిచినను, వరద మట్టము వరకు రాతినో కాల్చిన ఇటుకనో వాడుట క్షేమము.

నీరు అదుమునపుడు మితముగా, అదిమిన పిదప సమృద్ధిగా ఉండవలెను. మూడు వారములు ఓపిక పట్టినవారి గోడ వానకాలమున కరగదు.