అప్పీలంటే అడుక్కోవడం కాదు



మన ఆటపాటల గురించి అందరూ చక్కగా మాట్లాడారు. నేను ఒక కాగితం గురించి చెబుతాను. అదే సదరం సర్టిఫికెట్.

మా హాస్టల్లో ఒక అమ్మాయికి సికిల్ సెల్ జబ్బు. చలికాలం వచ్చిందంటే ఎముకల నొప్పితో రాత్రంతా మూలుగుతూనే ఉంటుంది. క్యాంపులో డాక్టరు గారు "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే, "బాగానే ఉన్నా సార్" అంది. వాళ్ళమ్మ కూడా తలూపింది. కొత్తవాళ్ళ ముందు బాధ చెప్పుకోకపోవడం మనకు మర్యాద. శాతం 40కి తక్కువ వేశారు. "రాసిందేదో రాశారు, ఇంకేం చేస్తాం మేడం" అని వాళ్ళమ్మ ఊరెళ్ళిపోయింది.

చేయడానికి ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సికిల్ సెల్, తలసేమియా వాటిలో ఉన్నాయి. 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం పోస్టుల్లో అవకాశం ఉంటుంది. సర్టిఫికెట్ విషయంలో అన్యాయం జరిగిందనుకుంటే, సెక్షన్ 59 కింద ప్రభుత్వం నియమించిన అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాకపోతే హైకోర్టు ఉంది.

మరి జడ్జి గారు ఏం చేస్తారు? ఆయన నాడి పట్టి చూడరు, శాతం కొలవరు. నిర్ణయానికి కారణం రాశారా, రూల్సు ప్రకారం చేశారా, మనిషి మాట విన్నారా అని చూస్తారు.

2024లో సుప్రీంకోర్టులో ఇలాంటి కేసే వచ్చింది. మాట స్పష్టంగా రాని ఒక విద్యార్థికి 40 శాతానికి మించి వైకల్యం ఉందని ఎంబీబీఎస్‌కు పనికిరాడన్నారు. జస్టిస్ బి.ఆర్. గవాయి గారి ధర్మాసనం మరో మెడికల్ బోర్డుతో పరీక్ష చేయించింది. చదవగలడని ఆ బోర్డు చెప్పింది. అంకె ఒక్కటే చూసి తోసెయ్యకూడదు, ఆ మనిషి ఆ చదువు చదవగలడా లేదా అన్నది చూడాలి, కాదంటే కారణం రాయాలి అని కోర్టు తీర్పు ఇచ్చింది.

కానీ జడ్జి గారు మన గూడేనికి వచ్చి ఆ అమ్మాయి మూలుగు వినలేరు. ఫైల్లో ఉన్నదే ఆయనకు కనబడుతుంది. ఆ ఫైలు నింపేది మనమే. ఆసుపత్రి చీటీలు, రక్తం ఎక్కించిన కాగితాలు ఒక్కటీ పారేయకండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. తెలుగు సరిగా రాని అమ్మమ్మతో, తాతతో మీరు వెళ్ళి, వాళ్ళ బాధ మన భాషలో విని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కువ చేయొద్దు, తగ్గించనూ వద్దు. వకీలు ఖర్చుకు భయపడకండి. 1987 చట్టం ప్రకారం ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సహాయం ఉచితం. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

ఆ అమ్మాయి నొప్పితో బడికి పోలేని రోజులన్నీ హాస్టల్ రిజిస్టరు చూసి రాసిచ్చాను. అప్పీలు పెట్టాం. ఏమవుతుందో ఇంకా తెలియదు. కానీ మొన్న తను నాతో, "ఈసారి బాగానే ఉన్నా అనను మేడం" అంది.

సెలవు. జై ఆదివాసీ!