గుద్దుడు పోయి నొక్కుడొచ్చింది, భయం పోయిందా?

(యాగంటిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాగంటి బసవన్న పెరుగుతున్నాడని మన పెద్దలు చెబుతారు. ఆయన సాక్షిగా మన ఓటు ఎంత ఎదిగిందో లెక్క చూసుకుందామని మేం వచ్చినాం.

1952 తొలి ఎన్నికల్లో ముద్ర గుద్దే పనే లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావడమే. చదువు రానివాళ్లకు తేలికే, కానీ చీటీని పెట్టెలో వేయకుండా కొంగున ముడేసుకుని బయటికి తెచ్చే వీలుండేది. 1962 ఎన్నికలకు ఒకే చీటీ మీద ముద్ర గుద్దే పద్ధతి వచ్చింది. 1989లో 18 ఏళ్లకే ఓటొచ్చింది.

ఆ గుద్దుడు కాలంలో మన ఫ్యాక్షన్ పల్లెల్లో ఏం జరిగిందో మీకు ఒకరు చెప్పాలా? "నీ ఓటు పడిపోయిందిలే, ఇంటికి పో" అనే మాట వినని ముసలమ్మ ఉందా? కట్టలకు కట్టలు గుద్ది పెట్టెల్లో కుక్కినారు. 2004లో రాష్ట్రమంతా ఓటింగ్ యంత్రాలొచ్చినాయి. యంత్రం నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి తీసుకోదు, గొడవైతే అధికారి మూసేయొచ్చు. 2017 ఆగస్టు 23న నంద్యాల ఉప ఎన్నికలో వీవీప్యాట్ కూడా చూసినాం. వేసిన ఓటు ఏడు సెకన్లు కళ్లముందు నిలిచింది. ఇదంతా మంచికే. కాదనం.

అయితే ఒక సంగతి మరిచిపోయినాం. కాగితం ఓట్ల కాలంలో లెక్కింపుకు ముందు చాలా బూతుల చీటీలను కలిపేవారు. ఏ ఊరు ఎటు వేసిందో తెలిసేది కాదు. ఇప్పుడు ఏ బూతు లెక్క ఆ బూతుదే. మన దగ్గర బూతంటే ఒక ఊరు, లేదంటే నాలుగు వీధులు. ఎదుటి పార్టీకి నలభై ఓట్లు పడితే ఆ నలభై ఎవరివని మర్నాడే ఆరా మొదలు. ఇల్లు, పింఛను, పొలం దారి అన్నిటికీ ఆ కాగితమే ఆధారం. రిగ్గింగ్‌ను ఆపిన యంత్రమే ఊరి గుట్టు విప్పుతోంది! కొన్ని యంత్రాల ఓట్లు కలిపి ఒకేసారి లెక్క చెప్పే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ బలపరిచింది. కేంద్రం ఒప్పుకోలేదు. దీన్ని మన ఉద్యమం ఎందుకు అడగదు?

ఇక వలస. కోసిగి, ఆదోని పల్లెలు సుగ్గికి గుంటూరు పోతాయి. ఓటుకు రావాలంటే కూలి పోవాలి, లేదా నాయకుడు పంపిన బస్సెక్కాలి. బస్సెక్కినాక ఓటు ఎవరిది? ఉన్నచోటనే ఓటేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపబోతే చాలా పార్టీలు వ్యతిరేకించినాయి. అనుమానాలుంటే తీర్చాలి. కూలోని ఓటు మాత్రం దారిలో పోకూడదు.

మన తప్పు కూడా చెప్పుకుందాం. 1991లో ఇదే నంద్యాల పీవీ నరసింహారావుగారిని ఐదు లక్షల ఎనభై వేలకు పైబడిన మెజారిటీతో పార్లమెంటుకు పంపింది. దేశమంతా అబ్బురపడింది. 2014లో ఆళ్లగడ్డలో శోభా నాగిరెడ్డిగారు పోలింగుకు ముందే ప్రమాదంలో పోయినా యంత్రంలో పేరుంది, జనం ఆమెనే గెలిపించినారు. మన అభిమానం అంత గట్టిది. తెలుగువాడికీ, ఇంటి ఆడబిడ్డకూ ఓటేసినాం. మరి సీమకు ఎప్పుడేసినాం? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో శాసనసభ స్థానాలు జిల్లాలకు సమానంగా ఉండాలని రాసుకున్నారు. ఈనాడు 175 స్థానాల్లో సీమవి 52. 2016 మే 31న సిద్ధేశ్వరం అలుగు కోసం వేలమంది రైతులు కదిలినారు. ఆ కాళ్లు బూతుకు పోయేసరికి కులం దగ్గరో నోటు దగ్గరో ఆగిపోతే రాష్ట్రం ఎట్లా వస్తుంది?

ఉద్యోగ మిత్రులారా, పోలింగ్ డ్యూటీలో మీరున్నప్పుడు, వేరొకరు ఓటేసిపోయాక అసలు మనిషి వస్తే వెనక్కి పంపొద్దండి. టెండరు ఓటు ఆమె హక్కు. విద్యార్థులారా, ఊరికి పోయి ఈ మాట అవ్వకు చెప్పండి. వచ్చిన ప్రతి అభ్యర్థినీ ముందు నీళ్ల గురించి, రాష్ట్రం గురించి అడగండి. సిరా వేలికి అంటితే చాలదు, ఆ వేలు సీమ వైపు చూపాలి.

జై రాయలసీమ!