ప్రభువు చూపు ఆగిన చోట
(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యానభాగము: మార్కు 12:41–44; 13:1, 2



మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే ఒకసారి తెరిచి చూడండి. స్టూడియోలో తీయించుకున్న ఫోటోలు కొన్ని ఉంటాయి. పట్టుబట్టలు, వెనుక రంగుల తెర, బిగుసుకుపోయిన ముఖాలు. వాటి మధ్య ఎవరో సరదాగా తీసిన ఫోటో ఒకటి కనబడుతుంది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని, కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ, ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతోంది. ఆ తల్లి ప్రభువునందు నిద్రించిన తరువాత పిల్లలు వెదుక్కునేది చాలాసార్లు ఆ ఫోటోనే.

ఒకప్పుడు ఫోటో అంటే కలిగినవారి వ్యవహారం. 1900లో కొడాక్ కంపెనీ బ్రౌనీ అనే చిన్న పెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మింది. సామాన్యులు తమ సామాన్యమైన దినాలను ఫోటో తీసుకోవడం అలా పెరిగింది. తరువాత మన ఇళ్ళకు 36 ఫోటోల రీళ్ళు వచ్చాయి. లెక్కచూసుకుని పెళ్ళిళ్ళకూ పండుగలకూ వాడేవాళ్ళం. ఇప్పుడు ఫోనులో వేల ఫోటోలు పడతాయి. తీయడం సులువైంది. మరి చూడడం నేర్చుకున్నామా?

వాక్యంలోకి వద్దాం. యెరూషలేము దేవాలయంలో ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చున్నాడు. ధనవంతులు విస్తారంగా వేస్తున్నారు. అంతలో ఒక బీద విధవరాలు వచ్చి రెండు కాసులు వేసింది. ప్రభువు ఆమెను చూశాడు. శిష్యులను దగ్గరకు పిలిచి ఆమెను గూర్చి చెప్పాడు. ఆ తరువాత దేవాలయం నుండి వెళ్తుండగా శిష్యులలో ఒకడు ఆ రాళ్ళను, ఆ కట్టడాలను చూడమని ప్రభువుకు చూపించాడు.

గమనించారా? ఆ దినాన వారి చేతుల్లో కెమెరా ఉంటే శిష్యుడు కట్టడాన్ని తీసి ఉండేవాడు. ప్రభువు చూపు మాత్రం విధవరాలి మీద ఆగింది. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ దేవాలయాన్ని నాశనం చేసింది. ఆమె వేసిన రెండు కాసుల సంగతి ఈనాటికీ లోకమంతటా చెప్పుకుంటున్నాము.

ప్రియులారా, మన జీవితంలో పండుగ దినాలు కొన్నే. మిగిలినవన్నీ బియ్యం ఏరడం, బస్సు కోసం నిలబడడం, మంచం పట్టిన తండ్రికి మందులు వేయడం. ‘నా బ్రతుకులో ఏముంది?’ అని నిట్టూర్చేవారు ఇప్పుడు వింటున్నారేమో. సహోదరీ, సహోదరుడా, ఎవరూ ఫోటో తీయని నీ దినాన్ని ప్రభువు చూస్తున్నాడు.

ప్రతి ఇంట్లోనూ ఫోటోల్లో కనబడనివారు ఒకరుంటారు. అందరినీ నిలబెట్టి తీసేవారో, వంట దగ్గర ఉండిపోయినవారో. ఈ వారం వారిని వెదకండి. వారు పనిలో ఉండగా ఒక ఫోటో తీయండి. కెమెరా లేకపోతే ఒక్క నిమిషం ఆగి కళ్ళారా చూడండి. వారిని బట్టి దేవుని స్తుతించండి. ఆ మాట వారితోనూ చెప్పండి. వారు బ్రతికి ఉండగానే చెప్పండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, నీవు చూసినట్లు చూసే కన్నులు మాకు దయచేయుము. మా ఇంట్లోనే ఉన్నా మేము చూడనివారిని మాకు చూపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.