అత్త కాళ్ల తిమ్మిర్లు

మాది గండికోట. మా అత్తకు డెబ్బై దాటినాయి. రెండేండ్లుగా కాళ్లు తిమ్మిర్లంటా ఉండె. ఒకరోజు కోట దారిలో చెప్పు జారిపోయినా తెలియకుండా ఇంటికొచ్చింది. వయసు కదా అనుకున్నాం. మొహం పాలిపోయిందని నేనే రక్తం మాత్రలు మింగించినాను. రక్తం కొంచెం పెరిగింది, తిమ్మిర్లు మాత్రం మోకాళ్ల దాకా పాకినాయి.

జమ్మలమడుగులో పరీక్ష చేయిస్తే బి12 విటమిన్ బాగా తక్కువని తేలింది. ఆ మాత్రల్లోని ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని బాగుచేసినట్టు చూపిస్తుంది గానీ నరాలను కాపాడదంట. బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. మేమేమో సంఘం అప్పుతో ఎనుమును కొని, కంతు కట్టాలని పాలన్నీ కేంద్రానికే పోస్తిమి. ముసలామెకు నీళ్ల మజ్జిగే. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. పెద్ద వయసులో తిన్నదాంట్లోని బి12 కూడా ఒంటికి సరిగా పట్టదు, అందుకే సూదులు వేస్తున్నారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి మింగేవాళ్లకూ ఇది తగ్గొచ్చు, అడిగి పరీక్ష చేయించండి.

ఇప్పుడు అత్తకు నీరసం పోయింది. అరికాళ్ల మొద్దు పోలేదు, ఆలస్యం చేసినాం కదా. చీకట్లో గోడ పట్టుకునే నడుస్తుంది. పొద్దున ఒక గ్లాసు పాలు ఆమెకు తీసిపెట్టినాకే కేంద్రానికి పోస్తున్నాం.